ఎనిమిది కాడ రెండు కుంచాలు

ఆ వానాకాలం నేను జాకెట్లు కుట్టడం పక్కన పెట్టి గోనెసంచులు కుట్టాను. రెండు వందల పన్నెండు సంచులు. లెక్క ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, సంచికొక తిట్టు చొప్పున మా తమ్ముణ్ణి తిట్టాను. గోనె మిషన్ మీద నడవదు. దబ్బనం పట్టుకుని, పురికొసతో, చేత్తో కుట్టుకోవాల్సిందే. అరచెయ్యి బొబ్బలెక్కిపోయింది.

తమ్ముడి పేరు పృథ్వీరాజ్. వాడు పాటలు కడతాడు. పాట అంటే రాగం తీసేది కాదు, ర్యాప్. మొదటిసారి విన్నప్పుడు, "ఎవుడితో తగువాడతన్నావురా?" అని అడిగాను. వాడు నవ్వి, "అందరితోనూ" అన్నాడు.

ఆషాఢంలో వాడు విశాఖపట్నం వెళ్లాడు. అక్కడొక స్టూడియోలో ఆల్బమ్ రికార్డు చేసుకోవాలని వాడి కోరిక. గాజు అద్దం అవతల కూర్చున్న మనిషి మైకులో, "తమ్ముడూ, ఏటి అనకు, ఏంటి అను. సెప్పు అనకు, చెప్పు అను. నలుగురూ వినాలి కదా" అన్నాడట. మావాడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, తిన్నగా వచ్చి బస్సెక్కేశాడు.

"రెండు మాటలు మార్సి పాడీస్తే ఏటి పోద్దిరా?" అన్నాను, వాడు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే.

"నిన్ను నోరు మార్సుకోమంటే మార్సుకుంటావేటి?" అన్నాడు.

నా నోటి సంగతి కోటబొమ్మాళి అంతటికీ తెలుసు. ఆ మాటతో వాడే గెలిచాడు. అందుకే దబ్బనం పట్టుకున్నాను.

సంచులు ఒకదానికొకటి కలిపి కుట్టడం ఎందుకంటే, వాడు ఊళ్లోనే పెట్టుకున్న స్టూడియో గోడలకి. స్టూడియో అంటే నగరేశ్వరరావు షావుకారి ధాన్యం గొడౌన్. పాత పంట మిల్లుకి పోయాక కొత్త పంట వచ్చేదాకా అది ఖాళీగానే ఉంటుంది. మా అయ్య సోములు దానికి కాపలా. గేటు పక్కన రెండు గదుల్లో అయ్య, నేను, తమ్ముడు ఉండేవాళ్లం. ఆ గదులూ షావుకారివే. షావుకారి కొడుకు కళ్యాణ్, మావాడు టెక్కలి కాలేజీలో ఒకే బెంచీ. మాటలు మావాడివి, బీట్లు కళ్యాణ్‌వి. లాప్‌టాప్, మైకులు అన్నీ అతనివే. కొడుకు బతిమాలితే షావుకారు ఒప్పుకున్నాడు.

"మార్గశిరంలో మొదటి బస్తా దిగేసరికి గోడలు గోడల్లా కనబడాలి. అందాకా మీ గోల మీది" అన్నాడాయన.

గోనె గోడలకి వేలాడదీశాక ఆ గదిలో ఒక వింత జరిగింది. గొంతు ఎక్కడికీ పోదు. మాట్లాడిన మాట మన చెవి పక్కనే నిలబడుతుంది. రేకుల మీద వాన పడితే రికార్డింగ్ బందు. గూడ్సు బండి వస్తే బందు. లారీ హారన్ కొడితే బందు. మిగిలిన కాసేపట్లో వాడు పాడేవాడు. తొలి పాట ఆ విశాఖపట్నం మనిషికి జవాబు:

"ఏటి అంటే నవ్వినావు, నవ్వుకోరా నవ్వుకో,
మా నోటికాడ ముద్ద తిని మా నోరు దిద్దుతావేటి?"

నా వెనకాల కొంగు పట్టుకుని తిరిగిన గుంటడు ఇంత మాట అంటాడా అని గర్వమేసింది. "ఎలాగున్నాదే అక్కా?" అని అడిగాడు.

"పక్కింటికి ఇనపడ్డం నేదు. అదొక్కటే బాగున్నాది" అన్నాను. వాడికి తెలుసు నేను ఎలా మెచ్చుకుంటానో.

వినాయక చవితి వెళ్లాక ఒక మధ్యాహ్నం వాడు అయ్యని పట్టుకున్నాడు. అయ్య కాపలా మనిషి కాకముందు కొలగాడు. కరెంటు కాటాలు రాకముందు, షావుకారి తండ్రిగారి కాలంలో, రైతులు బళ్ల మీద తెచ్చిన ధాన్యాన్ని కుంచంతో కొలిచి, ఎన్ని కుంచాలో గొంతెత్తి చెప్పేవాడు. కాటాలు వచ్చి ఇన్నేళ్లయినా ఊళ్లో ఆయన్ని కుంచం సోములనే అంటారు.

"అయ్యా, నీ కొలత పాట ఒకపాలి పాడవా?"

"పాటేటిరా? లెక్క అది."

"ఆ లెక్కే పాడు."

"గింజ నేకుండా లెక్కేటి? ఒట్టి నోటితో కొలవడానికి నానేటి పిచ్చోడినా?"

కళ్యాణ్ పరుగున వెళ్లి ఇంట్లోంచి రెండు బస్తాల తిండిగింజలు దింపించాడు. గొడౌన్ మధ్యలో బరకం పరిచారు. అయ్య అటక మీంచి ఇనప కుంచం దించి, తుడిచి, కళ్లకద్దుకున్నాడు. కాళ్లు కడుక్కుని వచ్చి ఒక మోకాలి మీద కూర్చున్నాడు. కళ్యాణ్ ఒక మైకు ఆయన నోటి దగ్గర, ఇంకొకటి గింజలు పడే చోట పెట్టాడు.

అయ్య కళ్లు మూసుకున్నాడు. కుంచం కుప్పలో దూసుకుపోయింది.

"లాభం... లాభం... లాభమో లాభం..."

కుంచం నిండేదాకా ఆ మాటే. నిండాక అరచేత్తో పైన సాపు చేసి, పక్కకి బోర్లించి, "రెండో రెండు... రెండు... రెండు..." అని అందుకున్నాడు. ఒక అంకె సాగుతుండగా ఒక కుంచం నిండుతుంది, గుమ్మరించగానే అంకె మారుతుంది. డెబ్బయ్యేళ్ల మనిషి నడుం అటూ ఇటూ ఊగుతుంటే, ఆ గోనె గదిలో ఆ గొంతు వింటుంటే, ఆ పూట మా అయ్య ఎంత అందంగా ఉన్నాడో చెప్పలేను. ఇరవై అని కుంచం కింద పెట్టాడు.

తమ్ముడు, "మొదటిదానికి ఒకటి అనవేటయ్యా?" అని అడిగాడు.

"ఒకటి అనకూడదురా. లాభం అనాల. ముప్పయ్యేళ్లలో నా నోటంట ఒకటన్న మాట రానేదు" అని చెమట తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు అన్నం వేళకి తమ్ముడు రాలేదు. కేకేద్దామని వెళితే ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నారు. కళ్యాణ్ ముఖం తేడాగా ఉంది.

"బీటు కూర్చోవట్లేదు ఈశ్వరక్కా. అంతా బాగా వస్తాది, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి తప్పిపోతాది. మళ్లీ పదిహేను దగ్గర" అన్నాడు.

తెర మీద రెండు వరసలు కనిపించాయి. పై వరస అయ్య గొంతు. కింది వరస గింజలు పడిన చప్పుడు, పడిన ప్రతిసారీ ఒక మిట్టలాగా లేచింది. తమ్ముడు వేలితో మిట్టలు లెక్కపెట్టాడు. అంకెలు ఇరవై. మిట్టలు ఇరవై రెండు.

నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. నేను ఆ ధాన్యం దుమ్ములో పెరిగినదాన్ని. ఎనిమిది అన్న అంకెని అయ్య కొంచెం ఎక్కువసేపు సాగదీశాడు. ఆ సాగతీతలో రెండు కుంచాలు గుమ్మరించాడు. పదిహేను దగ్గరా అంతే. రైతు ఇరవై రెండు ఇస్తే ఇరవయ్యే లెక్కకి వచ్చేది. చుట్టూ జనం, బళ్లు, ఎద్దులు, గోల. చెవిన పడేది అంకె ఒక్కటే. గింజ చప్పుడు ఎవరు వింటారు?

"తుడిసీ" అన్నాను.

"అక్కా..."

"తుడిసీమన్నానా? అయ్యకి ఇంకోపాలి పాడమని సెప్పు. సరిగ్గా పాడతాడు."

తమ్ముడు నా వైపు తిరిగాడు. "ఎవుల కోసం కొలిసేడే నిన్న? ఇక్కడ రైతు నేడు, షావుకారు నేడు. మన కోసమే కొలిసేడు. అయినా సెయ్యి ఆగనేదు సూడు."

"అందుకని నీ పాట కోసం ఆయన పరువు సంతలో పెడతావా? ఊళ్లో నాకు జాకెట్టు ముక్కలిచ్చీవోళ్లంతా రైతుల ఇళ్ల ఆడోళ్లే. రేపు నా కొలత టేపు ఎవులు నమ్ముతార్రా?" అని అరిచాను. ఆ గదిలో అరుపు కూడా బయటికి పోదు, మన మీదే పడుతుంది.

అప్పుడు చూశాను. అయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో మూడు టీ గ్లాసులు. ఎంతసేపయిందో తెలియదు.

గ్లాసులు కింద పెట్టి వచ్చి కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు తనే తీసుకుని చెవులకి పెట్టుకున్నాడు. కళ్యాణ్ ఒకసారి నా వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూసి, నొక్కాడు. అయ్య మొదటినుంచి చివరిదాకా విన్నాడు. పెదాలు కదిలాయి గానీ శబ్దం లేదు.

"ఎనిమిది కాడ" అన్నాడు. "పదిహేను కాడ. ఔను, అక్కడే."

హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "టీ సల్లారిపోతంది, తాగండి" అని లేచి వెళ్లిపోయాడు.

రెండు రోజులు ఇంట్లో గిన్నెలు ఎత్తి కుదేస్తూ తిరిగాను. నాకు అయ్య మీద కోపమో, తమ్ముడి మీద కోపమో, నాకే తెలియలేదు. చిన్నప్పుడు ఆయన కొలత చూడ్డానికి నేను బస్తాల మీదెక్కి కూర్చునేదాన్ని. మా అయ్యలాగ ఎవులూ కొలవనేరు అని బళ్లో గొప్పలు చెప్పుకునేదాన్ని.

మూడో రోజు అయ్య గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గొడౌన్‌లోకి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను. మైకు ముందు కూర్చుని, "ఆ యంత్రం ఎయ్యండి" అన్నాడు.

ఆయన మాట్లాడిందంతా ఇప్పుడు ఆల్బమ్‌లో ఉంది, ఎనిమిదో పాట చివర. బీటు లేదు, ఏమీ లేదు. ఆయన గొంతొక్కటే.

"నా పేరు సోములు. కుంచం సోములంటారు. ఎనిమిది కాడ రెండు కుంచాలు పోసీవోణ్ణి. పదిహేను కాడ రెండు. ముప్పయ్యేళ్లు. సెయ్యమని ఎవులూ నాకు సెప్పనేదు. సెప్పక్కర్నేదు. సేసినోడి కొలువు ఉండీది, సెయ్యనోడి కొలువు పోయీది. ఆ కొలువుతోటే నా పిల్లలు అన్నం తిన్నారు. తిన్నోళ్లలో ఒకడు ఈ పాట కట్టినాడు."

అయిపోయాక కళ్యాణ్ తల దించుకుని, "అది మా తాతగారి టైములోది కదా సోములు మావా" అన్నాడు.

"మీ తాత మంచోడే బాబూ. నానూ మంచోణ్ణే. గింజలే తక్కువొచ్చీవి" అన్నాడు అయ్య.

నేను ఊరుకోలేదు. అది బయటికి రాకూడదని దసరా నుంచి దీపావళి దాకా రోజూ తగువే. అన్నం పెట్టనన్నాను. పెట్టకుండా ఉండలేక పెట్టి మరీ తిట్టాను. "నీకేటి, పాట పాడీసి దులపరించుకు పోతావు. ఈ ఊళ్లో బతకాల్సింది నాను" అన్నాను. తమ్ముడు ఒకటే మాట అనేవాడు: "అయ్య తీసీమంటే తీసీస్తాను. నువ్వు కాదు." అయ్యని అడిగితే ఆయన బీడీ ముట్టించుకునేవాడు. తీసెయ్యమని ఒక్కనాడూ అనలేదు.

కార్తీకంలో ఆల్బమ్ నెట్‌లో పెట్టారు. పేరు "లాభం రెండు మూడు". తొమ్మిది పాటలు. పైన బొమ్మ మా అటక మీది కుంచమే.

మొదటి నాలుగు రోజులు వీళ్ల స్నేహితులు తప్ప ఎవరూ వినలేదు. కింద ఎవడో, "ఇది ఏ దేశపు భాష?" అని రాశాడు. ఐదో రోజు భావనపాడు నుంచి గుజరాత్ బోట్లలోకి పనికి వెళ్లిన కుర్రాడొకడు రాశాడు: "రేవులో బోటు మీద పదిమందిమి ఇంటన్నాం అన్నా. మన మాట ఇని మూడు నెలలయినాది. మళ్లీ మళ్లీ ఏస్తన్నాం." తమ్ముడు అది నాకు చదివి వినిపించాడు. చదువుతూ మధ్యలో ఆగిపోయాడు. నేనే ఫోన్ లాక్కుని మిగతాది చదివాను.

తరవాత ఎనిమిదో పాట పట్టుకుంది. టెక్కలి ఆటోల్లో అదే, కోటబొమ్మాళి స్టేషన్ దగ్గర టీ బడ్డీలో అదే. ఎరువుల కొట్టు ముందు నిలబడ్డ రైతులు పాటలోని ముక్క పట్టుకుని అరుస్తున్నారు:

"గింజ మాది, గోనె మాది, మోసినోడి మెడ మాది,
లాభమంటే మొదటిదిరా, ఆ మొదటిదెవుడిదిరా?"

విశాఖపట్నం గాజుగది మనిషి కూడా సందేశం పెట్టాడు, "బ్రో, యాస అదిరింది, మన దగ్గరికి రా" అని. తమ్ముడు ఒక్క మాట జవాబు పెట్టాడు: "ఏటి?"

నా గతి నేననుకున్నట్టే అయింది. కోర్టుపేట సింధూరి వచ్చి జాకెట్టు ముక్క వెనక్కి ఇచ్చెయ్యమంది. "కుంచం సోములు కూతురి టేపు ఎంత లాగుద్దో" అని పక్కావిడతో నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. అయినా టేపు తీసి ఆమె చేతిలో పెట్టి, "నువ్వే పట్టుకో. నువ్వే పైకి సదువు. నాను రాసుకుంటాను" అన్నాను. చదివింది. రాసుకున్నాను. జాకెట్టు అచ్చంగా సరిపోయింది. ఆనాటి నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ తన కొలత తనే చదువుకుంటుంది.

షావుకారు ఒక ఉదయం మా గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల కళ్యాణ్. నేను కుర్చీ వేశాను. ఆయన కూర్చున్నాడు. ఆయన చెడ్డమనిషని నేననను. అమ్మ పోయినప్పుడు మొదట వచ్చింది ఆయనే.

"సోములూ, రోజూ పొద్దున్నే మా నాన్నగారి ఫొటోకి దణ్ణం పెట్టుకుంటాను. వారం రోజులుగా ఆ ఫొటో కేసి చూడలేకపోతున్నాను" అన్నాడు.

"ఆయన పేరు నాను ఎక్కడా సెప్పనేదు బాబూ."

"చెప్పాలా? నువ్వెవరి దగ్గర కొలిచావో ఊరికి తెలీదా? నేను కాటా పెట్టి ఇరవయ్యేళ్లయింది. నేనెవరి గింజా తినలేదు. నిన్న రైతులు నా కాటా చుట్టూ మూగి తూకం రాయి పెట్టి పరీక్ష చేశారు." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "తొమ్మిది పాటల్లో ఆ ఒక్కటీ తీసెయ్యండి. మిగతా ఎనిమిదీ ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తీయకపోతే అమావాస్య లోపు గదులు ఖాళీ చెయ్యండి."

అంతవరకూ ఆ పాట తీసెయ్యమని మా ఇంట్లో గొంతు చించుకున్నది నేనొక్కదాన్నే. అదే మాట ఆయన నోటంట వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"తీయమని అడగడానికి నాకు హక్కున్నాది బాబూ. ఆ గింజలతో పెరిగినదాన్ని కాబట్టి సిగ్గు నాది. మీకేటున్నాది? మీ నాన్నగారి ఫొటోకి దండున్నాది. మా అయ్య బతికుండగానే తన బొమ్మ తనే దించుకున్నాడు. ఆ పాట ఎవులూ తీయరు" అన్నాను.

తమ్ముడు నోరు తెరిచి నా వైపు చూశాడు. షావుకారు కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు తీసెయ్యరా. నీ లాప్‌టాప్‌లోదే కదా!"

"నా చేతిలో లేదు నాన్నా. నిన్ననే పాస్‌వర్డ్ మార్చి పృథ్వీకి ఇచ్చీసేను" అన్నాడు కళ్యాణ్. తండ్రి మొహం మీదే చెప్పాడు.

అయ్య అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడు. "అమావాస్య దాకా ఎందుకు బాబూ? ఆదివారం ఎలిపోతాం" అన్నాడు.

శుక్ర, శనివారాలు నేను సంచులు విప్పాను. ఆ సంచులు షావుకారివి, పంటకి కావాలి. దారం తెంపి, మడతపెట్టి, రెండు వందల పన్నెండూ లెక్కకి అప్పజెప్పాను. విప్పినప్పుడూ సంచికొక తిట్టు తిట్టాను గానీ, ఈసారి తమ్ముణ్ణి కాదు.

ఆదివారం మిషన్ ఆటోలోకి ఎక్కిస్తుంటే జగ్గమ్మ వచ్చింది. రైలు గేటు అవతల ఆమెకి నాలుగెకరాలు. మొగుడు పోయి పదిహేనేళ్లయింది, అప్పట్నుంచీ తనే దమ్ము చేయిస్తుంది, తనే నాట్లు వేయిస్తుంది. వయసులో అయ్య కంటే రెండేళ్లు పెద్దదే. నడిరోడ్డు మీద నిలబడి కేకేసింది.

"ఒరే సోములూ! ఇటు సూడరా!"

అయ్య చూశాడు.

"నా మొగుడు కళ్లంలో కొలిసి బండెక్కించీవోడు. ఇక్కడ నీ కుంచంలో తక్కువొచ్చీది. బండి ఎనకాల వొచ్చినదాన్ని నాను. దారిలో నానే అమ్ముకుంటన్నానని నన్నే అనుమానపడీవోడురా. రెండుపాలీలు సెయ్యి సేసుకున్నాడు. ఆ అనుమానంతోటే సచ్చిపోనాడు. నీ కొడుకు పాట ఇన్నాక తెలిసినాది నాకు, ఆ గింజలు ఎటు పోనాయో!"

ఆటోవాడు ఇంజను ఆపేశాడు. చుట్టూ మనుషులు నిలబడిపోయారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పైపోనాది జగ్గమ్మా."

"నాకు సెప్తే ఏటొస్తాది? సచ్చినోడికి సెప్పు" అని ఉమ్మేసి వెళ్లిపోయింది.

రైలు గేటు దగ్గర ఒక్క గదిలో చేరాం. మిషన్ పెడితే ముగ్గురికి పడక చాలదు. తమ్ముడు స్టేషన్ బెంచీ మీద కూర్చుని కొత్త మాటలు రాసుకునేవాడు. కళ్యాణ్ రోజూ సాయంత్రం వచ్చేవాడు, ఇంట్లో మాటల్లేవని చెప్పేవాడు. అయ్య మాత్రం గోడకి తిరిగి పడుకునేవాడు. కుంచం మంచం కింద ఉండేది. నిజంగా చెప్పాలంటే, ఆయన ఇంక లేవడేమోనని నాకు భయమేసింది.

మార్గశిరం రెండో వారంలో జగ్గమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గుమ్మంలోకి.

"లే. నా కళ్లంలో నూర్పు అయినాది. కుంచం పట్రా" అంది.

అయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "కాటా ఉన్నాది కదా జగ్గమ్మా."

"కాటా మాటాడదు. నువ్వు మాటాడతావు. దేశమంతా ఇన్నాది నీ దొంగతనం. ఇంక నీకు అబద్దమాడ్డానికి దారేదిరా? ఈ సుట్టుపక్కల కొలిసినోళ్లలో నాను నమ్మదగ్గోడివి నువ్వొక్కడివే మిగిలేవు. లే!"

కళ్లంలో నలభై మంది దాకా ఉన్నారు. మా సంగతి విన్నవాళ్లు, తిట్టినవాళ్లు, వినోదం చూడ్డానికి వచ్చినవాళ్లు. కొత్త ధాన్యం కుప్ప పచ్చగా ఉంది. జగ్గమ్మ కుప్ప పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుని, గుప్పిట్లో చింతపిక్కలు లెక్కపెట్టుకుంది. ఇరవై. అందరికీ కనబడేలా ఒక్కొక్కటీ ఎత్తి చూపి మరీ లెక్కపెట్టింది. కుంచానికొక పిక్క వదులుతుందన్నమాట.

తమ్ముడు ఫోన్ తీసి, ఏమనుకున్నాడో, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఫోన్లో ఎక్కించరా. అదెక్కించినోడివి ఇదెందుకు ఎక్కించవు?" అన్నాను. తీశాడు.

అయ్య మోకాలి మీద కూర్చున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. కుంచం కుప్పలో ముంచి, నింపి, పైన సాపు చేసి ఎత్తి పట్టుకున్నాడు. అందరూ ఆ మాట కోసం చూస్తున్నారు. పాటలో విని విని చిన్నపిల్లలకి కూడా వచ్చేసిన మాట.

"ఒకటి" అన్నాడు.

జగ్గమ్మ తలెత్తింది. "అదేటిరా? లాభం అనవా?"

"లాభం తరవాత సూద్దుము. ముందు ఒకటి" అని అయ్య కుంచం బోర్లించాడు. జగ్గమ్మ గుప్పిట్లోంచి ఒక పిక్క ఒళ్లో పడింది.

రెండు. మూడు. గొంతు బొంగురుపోయింది గానీ ఆగలేదు. ఏ అంకెనీ సాగదీయలేదు. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి కళ్లమంతా ముందుకి వంగింది. నేనూ వంగాను. ఎనిమిది అన్నాడు, ఒక్కటి పోశాడు, ఖాళీ కుంచాన్ని తిరగేసి నాలుగు దిక్కులా చూపించాడు. ఎవరో చప్పట్లు కొట్టబోతే జగ్గమ్మ, "నోరుముయ్యి, లెక్క తప్పుద్ది" అని కసిరింది. పదిహేను దగ్గరా అంతే. పదహారు. పదిహేడు. నాకు తెలియకుండానే నేనూ పెదాలతో లెక్కపెడుతున్నాను.

"ఇరవై" అని అయ్య కుంచం నేల మీద పెట్టాడు.

జగ్గమ్మ గుప్పిట విప్పి, చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. ఒక్క పిక్క కూడా లేదు. చాలాసేపు ఆ ఖాళీ అరచేతిని తనే చూసుకుంది. తరవాత ఒళ్లో పిక్కలన్నీ ఏరి మళ్లీ గుప్పిట్లో పోసుకుంది.

"ఊఁ, కానియ్" అంది. "ఇంకా కుప్పున్నాది."